బడిలో వేధింపులు, బలవంతపు రాజీ: నా అనుభవం

విజయనగరంలోని ఒక ప్రైవేటు పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయికి నత్తి ఉంది. తరగతిలోని కొందరు కుర్రాళ్ళు వాడి మాటను వెక్కిరిస్తూ వీడియోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేవారు. ఇంటర్వెల్‌లో మెట్ల మలుపు దగ్గర అటకాయించి ఒకే వాక్యాన్ని పదేపదే చెప్పించేవారు. సంగతి తెలియగానే క్లాసు టీచరుకు చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని ప్రధానోపాధ్యాయుడి దగ్గరకు పంపారు.

ఆయన గదిలో జరిగింది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నా అర్జీ చదవకుండానే ఆ కుర్రాళ్ళనూ, వారిలో ఇద్దరి తండ్రులనూ పిలిపించి, మా వాణ్ణి వాళ్ళ ఎదుట నిలబెట్టి, "నిన్నేం చేశారో చెప్పు" అన్నారు. నత్తి ఉందనే కదా వేధించింది! వాడు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు. ఒక కుర్రాడు తల వంచుకుని నవ్వుతుంటే ఆ పెద్దమనిషి గడియారం చూసుకున్నారు. చివరికి అందరిచేతా చేతులు కలిపించి, "పిల్లలన్నాక ఆటపట్టించుకోరా అమ్మా, మీరే మరీ సుకుమారంగా పెంచుతున్నారు" అని నాకు బుద్ధి చెప్పి పంపారు. ఆ చేతులు కలపడాన్ని వెక్కిరిస్తూ ఆ రాత్రే గ్రూపులో కొత్త వీడియో వచ్చింది.

నలుగురు కలిసి ఒకడి మీద పడినప్పుడు ఎదురెదురుగా నిలబెట్టి చేసే రాజీకి ఏ తల్లీ ఒప్పుకోకూడదు. పిల్లలను విడివిడిగా అడగమని పట్టుబట్టాలి. నోటిమాటను నమ్మవద్దు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను మానసికంగా వేధించడాన్ని నిషేధిస్తుందని ఉటంకిస్తూ నేను మళ్ళీ అర్జీ రాసి, నకలు మీద ముద్ర వేయించుకున్నాను. గుమాస్తా ముద్ర కనిపించడం లేదన్నాడు. కనిపించేదాకా కదలనని కూర్చున్నాను, కనిపించింది. మరో కార్యాలయంలో ఇచ్చిన అర్జీ మాత్రం వివరణ కోసమంటూ తిరిగి ఆ బడికే చేరింది.

పిల్లల సహాయ నంబరు 1098కు ఫోను చేసిన తరువాత ఒకావిడ వచ్చి మా వాడితో ఏకాంతంగా మాట్లాడారు. వాడు ఎంతసేపు తడబడినా మాట అందించకుండా, తొందరపెట్టకుండా విన్నారు. ఇప్పుడు ఇంటర్వెల్‌లో మెట్ల మలుపులో ఒక టీచరు నిలబడుతున్నారు. మందలింపులకన్నా ఆ కాపలాయే ఎక్కువ పనిచేసింది. వేధించేవారితోపాటు పక్కన చేరి నవ్వేవారితోనూ క్లాసు టీచరు విడిగా మాట్లాడారు. చూసేవాళ్ళు కరవయ్యాక గ్రూపు మూతపడింది. ప్రధానోపాధ్యాయుడు ఎదురైతే నమస్కారం పెట్టడం నేను మానేశాను.