కంటి శుక్లానికి ఒక్క నంబర్ సరిపోదు

కేస్‌షీట్‌లో "శుక్లం ముదిరింది" అనో "ఇంకా ముదరలేదు" అనో రాసి వదిలేస్తే, ఆరు నెలల తర్వాత అదే కన్ను చూసే వారికి దాని నుంచి తెలిసేదేమీ ఉండదు. లెన్స్ నడిమి భాగం గట్టిపడి పసుపెక్కడం ఒకటి, అంచుల నుంచి చక్రం ఆకుల్లా మసక లోపలికి పాకడం మరొకటి, వెనుక పొరకు ఆనుకుని మచ్చ కట్టడం ఇంకొకటి. న్యూక్లియర్, కార్టికల్, పోస్టీరియర్ సబ్‌క్యాప్సులర్ అనే ఈ మూడూ ఒకే కంట్లో కలిసి ఉండొచ్చు, ఒక్కోటి ఒక్కో వేగంతో పెరగొచ్చు. అందుకే దేని గ్రేడు (ఎంత ముదిరిందో చెప్పే అంకె) దానికే వేయాలి.

దీనికి ఎక్కువగా వాడేది 1993లో వచ్చిన లాక్స్ 3 (LOCS III) అనే గ్రేడింగ్ పద్ధతి. ఇందులో నమూనా ఫొటోలు ఉంటాయి: న్యూక్లియస్ (లెన్స్ నడిమి భాగం) మసకకూ రంగుకూ కలిపి ఆరు, కార్టికల్‌కు ఐదు, పోస్టీరియర్ సబ్‌క్యాప్సులర్‌కు ఐదు. న్యూక్లియస్ మసక, రంగుల గ్రేడు 0.1 నుంచి 6.9 వరకు, మిగతా రెండిటిదీ 0.1 నుంచి 5.9 వరకు ఉంటుంది. కన్ను 3వ, 4వ ఫొటోల మధ్యలో ఉంటే 3.5, నాలుగో దానికి దగ్గరగా ఉంటే 3.8 అని వేస్తాం. అంతకు ముందున్న లాక్స్ 2తో పోలిస్తే ఈ దశాంశాలే పెద్ద మేలు.

కంటిపాప బాగా విప్పారకుండా గ్రేడింగ్‌కు కూర్చోవద్దు. పాపను విప్పార్చే చుక్కలు వేసే ముందు యాంగిల్ (కంటి ముందున్న పారదర్శక పొర కార్నియాకూ, పాప చుట్టూ ఉండే రంగు పొర ఐరిస్‌కూ మధ్య మూల) ఇరుకుగా లేదని తప్పక చూసుకోవాలి. ట్రోపికమైడ్, ఫినైలెఫ్రిన్ చుక్కలు వేసి 20 నుంచి 30 నిమిషాలు ఆగాలి. పాప 6 మి.మీ. అయినా తెరుచుకోకపోతే అంచున ఉన్న కార్టికల్ మసక ఐరిస్ వెనకే దాక్కుంటుంది, గ్రేడు తక్కువ పడుతుంది.

మొదట న్యూక్లియస్. స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చూపే దీపపు మైక్రోస్కోపు) వెలుగును సన్నగా చేసి, 45 డిగ్రీల కోణంలో, న్యూక్లియస్ మధ్యలో ఫోకస్ చేయాలి. వెలుగు తీవ్రత ప్రతి రోగికీ ఒకటే ఉండాలి. బల్బు పాతబడి వెలుగు పసుపెక్కితే ప్రతి లెన్సూ ముదురు రంగులోనే కనిపిస్తుంది. తప్పు కంటిది కాదు, దీపానిది. నమూనా ఫొటోలు వెలిసిపోయినా అంతే. మసకనూ రంగునూ విడివిడిగా చూడాలి.

తర్వాత రెట్రో ఇల్యూమినేషన్. వెలుగును కంటికి దాదాపు ఎదురుగా తెచ్చి పాపలోంచి పంపితే వెనుక ఎర్రటి కాంతి వస్తుంది, మసక దాని మీద నల్లగా నిలుస్తుంది. పాప అంచు దగ్గర ఫోకస్ పెట్టి కార్టికల్ చారలు చూసి, స్లిట్ ల్యాంప్ జాయ్‌స్టిక్ కొంచెం ముందుకు తోసి వెనుక పొర మీదికి వెళ్లాలి. ఈ రెండో ఫోకస్ మానేస్తే, ముందున్న చారను వెనుక మచ్చ అనుకునే ప్రమాదం ఉంది. విడిగా కనిపించే నీటి బుడగల్ని మసక కింద లెక్కపెట్టకూడదు. న్యూక్లియస్ బాగా ముదిరో, లెన్స్ మొత్తం తెల్లబడో ఎర్రటి కాంతి రాకపోతే, కార్టికల్, వెనుక మచ్చల దగ్గర "గ్రేడ్ చేయలేం" అని రాయాలి. సున్నా వేస్తే అది తప్పుడు సమాచారం.

ఇద్దరు చూసినా, ఒకరే రెండుసార్లు చూసినా అంకె కొంత మారుతుంది. తేడా ఇంతలోపే ఉంటే అది కొలతలో వచ్చే తేడానే కావొచ్చని చెప్పే, లాక్స్ 3కి ప్రచురించిన 95 శాతం హద్దులు ఇవి: న్యూక్లియస్ మసకకు 0.7, రంగుకు 0.7, కార్టికల్‌కు 0.5, పోస్టీరియర్ సబ్‌క్యాప్సులర్‌కు 1.0. అంటే న్యూక్లియస్ మసక పోయినసారి 2.9, ఈసారి 3.2 వస్తే శుక్లం పెరిగిందని రోగికి చెప్పే హక్కు మనకు లేదు.

క్యాంపుల్లో, సర్వేల్లో ఇంత ఓపిక కుదరదు. అక్కడికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సరళ పద్ధతి చాలు. న్యూక్లియస్‌ను మూడు నమూనా ఫొటోలతో పోలుస్తారు. కార్టికల్ మసక చుట్టుకొలతలో ఎనిమిదో వంతు, పావు, సగం ఎక్కడ దాటిందో చూస్తారు. నడిమి 3 మి.మీ. లోకి వచ్చిందా అన్నది వేరే రాస్తారు. వెనుక మచ్చ నిలువు ఎత్తును 1, 2, 3 మి.మీ. హద్దులతో కొలుస్తారు.

యంత్రాలకూ వాటి గుడ్డి ప్రదేశాలున్నాయి. కంటి ముందు భాగాన్ని నిలువు కోతల్లా ఫొటో తీసే షైంఫ్లగ్ కెమెరా న్యూక్లియస్ సాంద్రతను 0 నుంచి 100 వరకు అంకెగా ఇస్తుంది, న్యూక్లియర్ శుక్లం మార్పును వెంబడించడానికి చాలా బాగుంటుంది. అయితే ఐరిస్ వెనుక దానికి కనపడదు, ముందు మసక వెలుగును ఆపేస్తే వెనుక మచ్చ సరిగా పడదు. కంట్లోకి వెలుగు పంపి తిరిగొచ్చినదాన్ని కొలిచే డబుల్ పాస్ యంత్రం ఇచ్చే ఓఎస్ఐ అంకె కంట్లో వెలుగు ఎంత చెదురుతుందో చెబుతుంది. కన్నీటి పొర ఆరినా అది పెరుగుతుంది కాబట్టి, కొలిచే ముందు రోగి చేత రెప్ప వేయించాలి. కార్నియాలో మచ్చ ఉంటే ఆ అంకెను లెన్స్ ఖాతాలో వేయొద్దు.

గ్రేడునూ చూపునూ ఒకటిగా చూడటం మరో చిక్కు. అంచున ఉన్న 3.0 కార్టికల్‌తో మనిషి ఇబ్బంది లేకుండా చదవగలడు. సరిగ్గా నడిమధ్య ఉన్న చిన్న వెనుక మచ్చతో మాత్రం ఎండలో, ఎదురు హెడ్‌లైట్లలో తల్లడిల్లుతాడు. చీకటి గదిలో చార్టు చదివించి "చూపు బాగానే ఉంది" అని పంపేస్తే అతని బాధ రికార్డులోకే రాదు. గ్లేర్ (కంట్లో కొట్టే వెలుగు) పెట్టి మరోసారి చూపు కొలవాలి. న్యూక్లియర్ శుక్లంలో మైనస్ నంబర్ పెరుగుతుంది కాబట్టి కొత్త రిఫ్రాక్షన్ (కళ్లజోడు నంబర్ పరీక్ష) తర్వాతే చూపు రాయాలి. ఆపరేషన్ చేసే డాక్టరుకు అన్నిటికంటే పనికొచ్చేది న్యూక్లియస్ గ్రేడు: అది పెరిగేకొద్దీ ఫేకోలో (లెన్స్‌ను అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి తీసే ఆపరేషన్‌లో) అల్ట్రాసౌండ్ శక్తి ఎక్కువ కావాలి, కార్నియా లోపలి కణాలకు ముప్పు పెరుగుతుంది. 5 దాటిన ముదురు గోధుమ రంగు న్యూక్లియస్ అయితే ఆ సంగతి షీటులో పైనే, కనపడేలా రాయండి.