రేవు ఎక్కడమ్మా?

పదకొండు దాటింది. పొద్దున ట్యాంకు నిండి పొర్లిన సంగతీ, దాని మీద ఈయనకీ పైవాటా వాళ్ళకీ జరిగిన రెండో విడత యుద్ధం సంగతీ రాద్దామని కూర్చున్నాను గానీ మనసు దాని మీద లేదు. "అక్కడ చూడ్డానికి ఏముందత్తా?" అన్న ఒక్క ముక్క సాయంత్రం నుంచీ చెప్పులో దూరిన రాయిలా గుచ్చుకుంటోంది.

అన్నది మా ఆడపడుచు కొడుకు, పుణె వాడు. పెళ్ళిపీటల మీద పంచె జారినవాడే, మీకు కొత్తేం కాదు. కనుమ వెళ్ళాక వాడికి నాలుగు రోజులు సెలవు మిగులుతుందట. మొగుడూ పెళ్ళాం కారు వేసుకుని కోస్తా అంతా చుట్టి వస్తారట. "అత్తా, సముద్రం పక్కన క్యూట్‌గా ఉండే ఊళ్ళు ఓ అరడజను చెప్పు, జనం పెద్దగా వెళ్ళనివి" అని మొన్న ఆదివారం ఫోను. క్యూట్ అన్నప్పుడే నాకు సగం కాలింది. ఊరు క్యూట్‌గా ఉండటానికి అదేమన్నా బారసాల పిల్లా? అయినా అడిగాడు కదా అని మూడు రాత్రులు కూర్చుని, టీవీ కట్టేసుకుని మరీ రాశాను. కళింగపట్నం, భీమిలి, కొరంగి, యానాం, బందరు, మోటుపల్లి. ఒక్కోదాని కింద నాలుగైదు లైన్లు. ఏ నది ఎక్కడ సముద్రంలో కలుస్తుంది, ఎవరు ఏలారు, ఏ ఏడాది ఏం జరిగింది, అన్నీ.

ఇవాళ సాయంత్రం వాయిస్ మెసేజ్ వచ్చింది. పూర్తిగా చదివితే టైపు చేసేవాడేమో, చదవలేదు కనకే మాట్లాడాడు. "బాగా రాశావత్తా, థాంక్యూ, కానీ అంటే... అక్కడ చూడ్డానికి ఏముంది?" వెనకాల ఆ అమ్మాయి ఏదో అంటోంది, కుక్కర్ కూత వేసింది, మెసేజ్ అయిపోయింది. ఒక్క యానాం విషయంలో మాత్రం "అది నాకు తెలుసులే" అని నవ్వాడు. వాడికి యానాం ఎందుకు తెలుసో నాకూ తెలుసు. 1954 దాకా అది ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉందనీ, చుట్టూ ఆంధ్రా ఉన్నా ఇప్పటికీ పుదుచ్చేరి కింద నడుస్తుందనీ నేను రాస్తే, వాడికి అందులోంచి పనికొచ్చింది మందు చవక అన్న సంగతి.

వీళ్ళ బుర్రలో సముద్రపు ఊరంటే ఒక బొమ్మ ఉంది. కొండవాలులో తెల్లటి ఇళ్ళు, నీలం కిటికీలు, రాళ్ళు పరిచిన సందు, మెట్ల మీద ఎండ కాచుకుంటున్న పిల్లి. మనకి అలాంటివి ఎక్కణ్ణుంచి వస్తాయి? మన ఊళ్ళు సముద్రానికి వీపు పెట్టి కూర్చుంటాయి. ముందు ఇసుక దిబ్బ, దాని వెనక సరుగుడు తోట, దాని వెనక తాళ్ళు, పొలాలు, ఆ తర్వాత ఎక్కడో ఊరు. అంచు మీద ఉండేది పల్లెకారులు ఒక్కళ్ళే. 1977 నవంబరు 19న దివిసీమలో ఏం జరిగిందో విన్నవాడెవడూ నీలం కిటికీ సముద్రం వైపు పెట్టడు. అక్కడి ఊళ్ళలో దూరం నుంచి ముందు కంటికి కనపడేది తుపాను షెల్టరు. స్తంభాల మీద లేపిన పెద్ద కట్టడం, కింద మేకలు పడుకుని ఉంటాయి. క్యూట్ కాదు నిజమే. అదే అక్కడ అన్నిటికన్నా ముఖ్యమైన భవనం.

ఇంత ఉపన్యాసం వాడికి పంపలేదు లెండి. ఇక్కడ కక్కేస్తున్నాను.

వాడికి నేను మరీ మరీ రాసింది మోటుపల్లి గురించి. దానికి కారణం నాన్న. మా తొమ్మిదో తరగతి వేసవి సెలవల్లో, 1986 అనుకుంటా, నన్నూ తమ్ముణ్ణీ తీసుకుని బయల్దేరారు. అమ్మ రానంది. "ఈ ఎండలో రాళ్ళు చూడ్డానికి నేను రాను" అని ముందే చెప్పేసి, పులిహోర మాత్రం కట్టిచ్చింది. చీరాలలో పాసింజరు ఎక్కాం. వేటపాలెం, కడవకుదురు, చినగంజాం. నాన్న దారంతా చెప్తూనే ఉన్నారు. చైనా నుంచి ఓడలు వచ్చేవిరా, మార్కో పోలో ఈ రేవు గురించి రాశాడురా, ఇక్కడి బట్ట సాలెగూడంత పల్చన అన్నాడురా. వజ్రాల లోయలో మాంసం ముక్కలు పడేస్తే గద్దలు వజ్రాలతో సహా ఎత్తుకెళ్ళేవని కూడా రాశాడట. తమ్ముడు ఓడల దగ్గర ఆగలేదు, తిన్నగా గద్దల దగ్గరికి వెళ్ళిపోయాడు. "ఇప్పటికీ ఉన్నాయా నాన్నా?" అని స్టేషన్ స్టేషన్‌కీ అడుగుతున్నాడు.

చినగంజాంలో దిగేసరికి ఎండ నెత్తిన పడింది. ఉప్పు బస్తాలు దించి ఖాళీగా వెనక్కి వెళ్తున్న ఎద్దుబండి ఒకటి దొరికితే ఎక్కేశాం. దారికి అటూ ఇటూ ఉప్పు మళ్ళు. మధ్యమధ్య తాటాకు కప్పిన ఉప్పు కుప్పలు, గుడిసెల్లా. నేను నిజంగానే గుడిసెలనుకున్నాను, ఇంత పొట్టివాటిలో ఎవరుంటారా అని. బండి చెక్కల సందుల్లో ఇరుక్కున్న ఉప్పురవ్వ పరికిణీ కింద మోకాళ్ళకి గుచ్చుకుని రెండు రోజులు మండింది. ఆ మంట ఇప్పటికీ గుర్తుంది. మార్కో పోలో గురించి నాన్న చెప్పిందాన్లో సగం తర్వాత పుస్తకాల్లో చదువుకున్నదే.

ఊళ్ళో దిగాం. తాటిచెట్లు, ఇసుక, కొన్ని ఇళ్ళు. ఒకావిడ పీటేసుకుని చేపలకి ఉప్పు పడుతోంది. నాన్న దగ్గరికెళ్ళి, ఆ చేతిసంచీ కూడా దించకుండా, బళ్ళో ప్రశ్న అడిగినట్టు అడిగారు: "రేవు ఎక్కడమ్మా?"

ఆవిడ చెయ్యి ఆపలేదు. గడ్డంతో చూపించింది. "అదిగో, ఆ తుమ్మచెట్టు ఎనకాల."

నాన్న మొహం వెలిగిపోయింది. రండిరా రండిరా అని ఇసుకలో దాదాపు పరిగెత్తారు. తుమ్మచెట్టు వెనక చెరువుంది. చెరువులో రెండు బండలున్నాయి. బండల దగ్గర ఒకాయన మోకాలి లోతు నీళ్ళలో నిలబడి దుప్పటి ఉతుకుతున్నాడు. గట్టు మీద గాడిద.

చాకలి రేవు.

తమ్ముడికి అర్థం కాలేదు, నాకు అయింది. నవ్వొచ్చి పెదవి కొరుక్కున్నాను. నాన్న నవ్వలేదు. కాసేపు అలాగే నిలబడ్డారు. ఆ దుప్పటి బండకి తగిలిన చప్పుడు ఒకసారి, అవతలి గట్టుకి తగిలి వచ్చిన చప్పుడు ఇంకోసారి. తర్వాత వెనక్కి తిరిగి వీరభద్రస్వామి గుడి అడుక్కుంటూ వెళ్ళాం. శాసనం చూపించారు. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించింది. తుపానుకి దారితప్పి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా పూర్వం రాజులు లాక్కునేవారట. మేము అలా చెయ్యం, ప్రాణాల కంటే ధనం ముఖ్యమనుకుని సముద్రం మీదికి వచ్చేవాళ్ళ మీద దయతో న్యాయంగా రావలసిన సుంకం ఒక్కటే తీసుకుంటాం, భయపడకండి అని రాయి మీద రాయించి ఇచ్చిన మాట అది. ముప్ఫయ్యో వంతు సుంకం. నాన్న ఆ అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కున్నారు గానీ గొంతులో రైల్లో ఉన్న ఊపు లేదు. కర్పూరం, పన్నీరు, ముత్యాలు, మిరియాలు అని సరుకుల పేర్లు చెప్తుంటే తమ్ముడు పులిహోర ఎప్పుడన్నాడు.

ఆ తర్వాత మా ఇంట్లో అదో సామెత అయిపోయింది. ఎవరైనా అడ్డదిడ్డంగా దారి చెప్తే "మోటుపల్లి రేవు" అనుకోవడం. నాన్న ముందు మాత్రం అనేవాళ్ళం కాదు.

ఇందాక తమ్ముడికి ఫోన్ చేశాను, అంతా సరిగ్గా గుర్తుందో లేదో చూద్దామని. వాడు "గాడిద ఎక్కడిదక్కా, అది గేదె" అన్నాడు. పైగా ఉతుకుతున్నది ఆడమనిషట. దుప్పటి సంగతి గుర్తే లేదట. గద్దలు మాత్రం బాగా గుర్తున్నాయట, రెండు చూశాడట! నేను వాడితో వాదించలేదు. గాడిదే.

సరే, ఫోన్ పెట్టేసి పుణె వాడికి పంపిన జాబితా మళ్ళీ తీశాను, "ఇంత రాస్తే ఏముంది అంటాడా" అని ఇంకో నాలుగు దులుపుదామని. చదువుతుంటే నాకే ఏదో తేడా కొట్టింది. కళింగపట్నం: ఒకప్పుడు పెద్ద రేవు. భీమిలి: ఒకప్పుడు డచ్చివాళ్ళ రేవు, చూడవలసినవి వాళ్ళ సమాధులు. కొరంగి: బర్మాలో మనవాళ్ళని కొరంగీలు అనేవారంటే ఈ ఊరి పేరు మీదే, 1839 తుపానులో కొట్టుకుపోయింది. బందరు: 1864 తుపానులో 30 వేల మంది పోయారు. మోటుపల్లి సరేసరి. నేను రాసిన ప్రతి వాక్యంలో ఒకప్పుడు ఉంది. సెలవల్లో పెళ్ళాన్ని వెంటబెట్టుకుని సరదాగా తిరుగుదామన్న కుర్రాడికి నేను సంవత్సరీకాల పట్టిక పంపించాను. వాడు అక్కడ చూడ్డానికి ఏముంది అనడంలో తప్పేముంది? "ఉంది" అన్న మాట నేనెక్కడ రాశాను?

ఆ చేపలావిడని నాన్న అడిగింది పోయిన రేవు. ఆవిడ చూపించింది ఉన్న రేవు. ఆ ఊళ్ళో ఆ రోజు పనిచేస్తున్న రేవు అదొక్కటే. ఇన్నేళ్ళూ ఆవిడ పొరపాటు పడిందని నవ్వుకుంటున్నాం.

ఇలా అనుకోగానే మళ్ళీ ఇంకో అనుమానం. మరీ వెనకేసుకొస్తున్నానేమో వాణ్ణి? ఆ రాతి మీద మాట ఉంది కదా, అదేం ఒకప్పటిది కాదు, ఇప్పటికీ చదువుకోవచ్చు. నాలుగు లైన్లు ఓపిగ్గా చదివి అడిగుంటే చెప్పేదాన్ని. చదవకుండా అడిగాడు, అక్కడికి కోపం పోలేదు.

మొత్తానికి జాబితా తిరగరాశాను. ఏడాదులన్నీ కొట్టేశాను, చెయ్యి ఊరుకోక కొత్తగా ఒక్కటి మాత్రం రాశాను. భీమిలి: నరసింహస్వామి గుడి మెట్లెక్కి వెనక్కి తిరగండి, గోస్తనీ సముద్రంలో కలవడం కనపడుతుంది, పొద్దున్నే వెళ్ళండి. కొరంగి: మడ అడవిలో చెక్కల బాట మీద నడవచ్చు, బురదలోంచి వేళ్ళు మేకుల్లా పైకి లేచి ఉంటాయి, చెప్పులు కాదు బూట్లు వేసుకోండి. ఉప్పాడ కొత్తగా చేర్చాను: ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని జాందానీ చీరలు నేస్తారు, బుటా ఇటు తిప్పినా అటు తిప్పినా ఒకలాగే ఉంటుంది, అమ్మాయికి చూపించు, కొనమని నిన్ను అడిగితే నాకు సంబంధం లేదు. ఊళ్ళోకి వెళ్ళే ముందు బీచి రోడ్డు బాగుందో లేదో కనుక్కో, కెరటాలు వచ్చినప్పుడల్లా కోసేస్తాయి. బందరు తీసేసి పెదన పెట్టాను, అచ్చు దిమ్మె బట్ట మీద పడి అరచేత్తో ఒక్క గుద్దు గుద్దే చప్పుడు వీధిలోకి వినపడుతుంది. బందరు లడ్డు మాత్రం తేవాలి, అది నాకు. వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం, పాత పత్రికలు కట్టలు కట్టలు, ఏసీ ఉండదు. (ఆ ఒక్క ఏడాదీ ఇదే.) జీడిపప్పు కూడా అక్కడే.

మోటుపల్లి దగ్గర చాలాసేపు ఆగాను. తీసేద్దామా అనుకున్నాను. చివరికి ఇలా రాసి పంపాను: "మోటుపల్లి, వెళ్తే మీ ఇష్టం. వెళ్తే మాత్రం ఎవరినైనా రేవు ఎక్కడని అడుగు, ఏం చూపిస్తారో నాకు ఫోటో పంపు."

పంపి ఇరవై నిమిషాలైంది. నీలం టిక్కులు పడ్డాయి. ఈసారి చదివినట్టే ఉన్నాడు. ఇప్పుడే జవాబు వచ్చింది.

"సూపర్ అత్తా. పెదనలో స్విమ్మింగ్ పూల్ ఉన్న రిసార్ట్ ఏమైనా ఉందా?"

పైన మోటారు కట్టలేదు, మళ్ళీ పొర్లుతోంది. ఈయన లేచి చొక్కా వేసుకుంటున్నారు.