వయొలిన్ పెట్టె కొనేముందు నేను చూసినవి

పెట్టె బయటికి ఎంత గట్టిగా కనిపించినా, లోపల వయొలిన్ వీపు అడుగుకు ఆని ఉంటే, కింద పడినప్పుడు దెబ్బంతా వీపు చెక్కకే తగులుతుంది. మా అమ్మాయి ముప్పావు సైజు నుంచి ఫుల్ సైజుకు మారినప్పుడు పెట్టెల్లో నేను ముందు వెతికింది సస్పెన్షన్. అంటే మెడ మొదలయ్యే చోట ఒకటి, కింద తీగల పట్టీని ఆపే బటన్ ఉండే చోట ఒకటి, రెండు ఫోమ్ దిండ్లు. ఆ రెండు చోట్లా వయొలిన్ లోపల చెక్క దిమ్మలుంటాయి, బరువు తట్టుకుంటాయి. మధ్యలో వీపు గాల్లోనే ఉండాలి, తల కూడా దేన్నీ తాకకూడదు. దిండును వేలితో గట్టిగా నొక్కి వదిలితే వెంటనే పైకి లేవాలి. అణిగిపోయి అలాగే ఉండే ఫోమ్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

పిల్లలు ఎలాగూ ఎదుగుతారని ముప్పావు వయొలిన్‌కు ఫుల్ సైజు పెట్టె కొనేవాళ్లున్నారు. మెడ కాకుండా ఫుల్ సైజు వయొలిన్ ఒంటి పొడవు సుమారు 35.6 సెంటీమీటర్లు, ముప్పావుది 33.5. తేడా రెండు సెంటీమీటర్లే, కానీ దిండ్లు దిమ్మల కిందికి రాకుండా పక్కకు పోతాయి, పైగా వయొలిన్ లోపల అటూ ఇటూ జారుతుంది.

వయొలిన్ తీసుకెళ్లకుండా పెట్టె ఎంచుకోవద్దు. బ్రిడ్జి (తీగలను ఎత్తిపట్టే చిన్న చెక్క) అంచుకు కాస్త సుద్ద రాసి, లోపల పెట్టి, మెడ పట్టీ బిగించి మూత వేయండి. తీసి చూస్తే మూత గుడ్డకు సుద్ద అంటితే ఆ పెట్టె వద్దు. మూత మీద చిన్న బరువు పడ్డా బ్రిడ్జి పై చెక్కను నొక్కుతుంది. తర్వాత పెట్టె పట్టుకుని మెల్లగా ఊపితే లోపల చప్పుడు రాకూడదు. కమాను బిగించే తిరుగుడు బిళ్లలు వదులుగా ఉంటే కమాను ఊడి వయొలిన్ మీదే పడుతుంది. వాటిని పదిసార్లు తిప్పి చూడాల్సిందే.

ఆకారం సంగతి: పొడవాటి దీర్ఘచతురస్రం పెట్టెలో అరలు ఎక్కువ, రెండు కమానులు పడతాయి, కానీ ప్లైవుడ్‌దైతే ఖాళీదే మూడు కిలోల దాకా తూగుతుంది. వయొలిన్ ఆకారంలోని ఫోమ్ పెట్టె అందులో సగం ఉంటుంది. బస్సులో తిరిగే పిల్లకు నేను తేలికదే తీసుకున్నాను. భుజాన వేసుకునే పట్టీ కొక్కేలు మాత్రం గుడ్డకు కుట్టినవి కాకుండా పెట్టె గట్టి గుల్లకు స్క్రూలతో బిగించినవై ఉండాలి.

అర ఉంది కదా అని శ్రుతిపెట్టె, నూనె సీసా అందులో వేయొద్దు. నూనె ఒలికి కమాను వెంట్రుకలకు అంటితే ఇక రోజిన్ (తీగను పట్టుకునేందుకు వెంట్రుకలకు రాసే గట్టి జిగట ముద్ద) పట్టదు. కొత్త వెంట్రుకలు వేయించాల్సిందే.

ఎండలో ఆపిన కారులో ఉంచితే ఏ పెట్టే కాపాడదు. వయొలిన్ అతుకులకు వాడే జంతు జిగురు వేడికి మెత్తబడి అతుకులు విచ్చుకుంటాయి. నల్లటి కవరైతే ఇంకా తొందరగా కాగుతుంది. విశాఖలాంటి తీరపు ఊళ్లలో బాధ తేమతో. వానాకాలంలో సిలికా జెల్ పొట్లం అరలో ఉంచి, వారానికోసారైనా మూత తెరవాలి. తెరవకుండా నెలలు ఉంచితే చిన్న పురుగులు కమాను వెంట్రుకలు కొరికేస్తాయి.

విమానానికి: దేశీయ విమానాల్లో చేతి సంచికి సాధారణంగా 55 సెంటీమీటర్ల పొడవే హద్దు, దీర్ఘచతురస్రం పెట్టె 80 దాకా ఉంటుంది. టికెట్ కొనేటప్పుడే అడిగి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. అమెరికా సంస్థల విమానాల్లో, 2015లో అమల్లోకి వచ్చిన అక్కడి నిబంధన ప్రకారం, ఎక్కేసరికి పై అరలో చోటుంటే వయొలిన్‌ను అనుమతించాలి. ప్రయాణం కోసమని తీగలన్నీ ఒకేసారి వదులు చేయొద్దు, సౌండ్‌పోస్ట్ (లోపల పై చెక్కకూ వీపుకూ మధ్య నిలబెట్టిన చిన్న కర్ర) పడిపోతుంది.