దవడ కింద బిళ్ళ, నొప్పి లేని పన్ను: నా అనుభవం

ఎడమ దవడ ఎముక కింద బిళ్ళ కట్టింది. చింతపిక్కంత ఉంది, నొక్కితే నొప్పి, వేలి కింద అటూ ఇటూ జారుతోంది. పంటి నొప్పి లేదు కాబట్టి పన్ను మీదికి అనుమానం పోలేదు. బెంగళూరు మారతహళ్ళిలో ఇంటి దగ్గరి క్లినిక్‌లో అమాక్సిసిలిన్-క్లావులనేట్ 625 అనే యాంటీబయాటిక్ మాత్ర అయిదు రోజులకు రాశారు. తగ్గింది. పది రోజులకు మళ్ళీ లేచింది.

ఆ వైపు కింది దవడ పన్నుకు ఆరేళ్ళ కిందటే రూట్ కెనాల్ అయింది. నరం తీసేసిన పన్ను లోపల చీము పట్టినా చల్లటి నీళ్ళకు జివ్వుమనదు. లోపల రక్తం పారదు కాబట్టి మాత్ర మందూ అక్కడికి చేరదు. చుట్టూ వాపు తగ్గిస్తుంది, అంతే.

బిళ్ళ చూసుకోవడానికీ ఒక పద్ధతుంది. గడ్డం కొంచెం దించి తల అదే వైపు వంచితే కండ వదులవుతుంది. అప్పుడు వేళ్ళ కొసలతో దవడ ఎముకకు ఆనించి దొర్లించాలి. కింది ముందు పళ్ళకు చీము పడితే బిళ్ళ గడ్డం కింద నడిమధ్యన, దవడ పళ్ళకైతే పక్కన కడుతుంది. రెండు పక్కలా ఒకేలా మెత్తగా తగిలేది లాలాజల గ్రంథి. తినేటప్పుడు ఉబ్బి తర్వాత తగ్గుతుంటే ఆ గ్రంథిలో రాయి ఉందేమో చూపించుకోవాలి. రోజుకు పదిసార్లు నొక్కితే ఆ నొక్కుడుకే నొప్పి పోదు. నేను ఆదివారం ఒక్కసారే చూసుకునేవాణ్ణి.

దంతవైద్యురాలు అద్దం పిడితో ఒక్కో పన్నూ తడుతూ "నోవిదెయా?" (నొప్పి ఉందా?) అని అడిగారు. కన్నడ రాకపోయినా ఆ పన్ను మీద పడగానే అర్థమైంది. ఐఓపీఏ (నోట్లో పెట్టి తీసే చిన్న) ఎక్స్‌రేలో వేరు కొన దగ్గర నల్లటి నీడ. పాత చికిత్సలో మూడు కాలువలే నింపారు, నాలుగోది వదిలేశారు.

క్యాపు కోసి, కాలువల్లో నింపిన పాత గట్టాపెర్చా లాగేసి, క్రిములు చంపే సోడియం హైపోక్లోరైట్‌తో కడిగి, కాల్షియం హైడ్రాక్సైడ్ మందు పెట్టి రెండు వారాలు మూశారు. ముందుగా రబ్బర్ డ్యామ్ (పన్ను మటుకే బయటికి వచ్చేలా పరిచే రబ్బరు పొర) బిగించారా లేదా చూసుకోండి. ఉమ్మి లోపలికి పోతే చేసిందంతా వృథా. రెండో రోజు బిళ్ళ ఇంకా పెరిగి భయపెట్టింది. కడిగేటప్పుడు కదిలిన మురికి వేరు కొన దాటితే రెండు మూడు రోజులు అలాగే ఉంటుందట. తర్వాత కాలువలు నింపి కొత్త క్యాపు వేశారు. చికిత్స మొదలైనప్పటి నుంచి బిళ్ళ అణగడానికి మొత్తం అయిదు వారాలు పట్టింది. ఎముక నిండి ఎక్స్‌రేలో నీడ పోవాలంటే ఆరు నెలల నుంచి ఏడాది.

పన్ను బాగయ్యాక నాలుగు వారాలకూ తగ్గకపోయినా, మొదటినుంచీ రాయిలా నొప్పి లేకుండా, కదలకుండా ఉన్నా, కాలర్‌బోన్ పైన కట్టినా నెపం పన్ను మీదికి నెట్టకూడదు. అల్ట్రాసౌండ్, ఆపైన సన్న సూదితో బిళ్ళలోని కణాలు లాగి చూసే ఎఫ్ఎన్ఏసీ పరీక్ష చేయించాలి. మన దగ్గర క్షయ బిళ్ళలు అరుదేం కాదు. అవి ఒకదానికొకటి అతుక్కుని గుత్తిలా తగులుతాయి. ఆ పరీక్షలయ్యేదాకా స్టెరాయిడ్ మాత్రలు మింగొద్దు. లింఫోమా (బిళ్ళల క్యాన్సర్) అయితే బిళ్ళ తాత్కాలికంగా కరిగి రోగం దాక్కుంటుంది.

నాలుక కింద వాపు, నోరు తెరుచుకోకపోవడం, ఉమ్మి కూడా మింగలేకపోవడం, వీటిలో ఏది మొదలైనా అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకే వెళ్ళాలి. ఆ వాపు ఊపిరి దారి మూసేస్తుంది.