రాసింది ఎవరో ఒకరు చదవాలి

మొన్న ఆదివారం యూరప్‌లో చలికాలం టైము కోసం గడియారాలు గంట వెనక్కి తిప్పారు. మా పాప కెమిస్ట్రీ టీచరు ఉండేది అక్కడే కాబట్టి ఇవాళ ఆన్‌లైన్ క్లాసు మాకు గంట ఆలస్యంగా మొదలైంది. అమెరికా నుంచి చేరే పిల్లలకు ఈ వారం మాత్రమే తేడా, నవంబరు మొదటి ఆదివారం వాళ్ల గడియారాలు కూడా మారతాయి కదా, వచ్చే వారానికి మళ్లీ పాత టైమే. మార్చి దాకా మాకు ఇదే టైము. అనుకోకుండా దొరికిన ఆ గంటలో, నిన్న రాత్రి టీచరు దిద్ది పంపిన పేపరు ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం.

పాపకు పద్నాలుగేళ్లు. బడికి ఎప్పుడూ వెళ్లలేదు, చదువంతా ఇంట్లోనే. చిన్నప్పుడు అన్నీ నేనే చెప్పాను, ఆ రోజులు నాకు ఎంతో ఇష్టం కూడా. హైస్కూలు వయసుకు వచ్చేసరికి పరిస్థితి మారింది. పాఠం నాకు తెలుసా లేదా అన్నది అసలు సమస్య కాదు. తెలియకపోతే తనతో పాటు నేనూ నేర్చుకోగలను, ఇంటర్నెట్‌లో పాఠాలకు కరువు లేదు, ఖాన్ అకాడమీ 2008 నుంచి ఉచితంగానే ఇస్తోంది. కానీ పిల్ల రాసిన జవాబును, ఆ సబ్జెక్టు బాగా తెలిసిన మనిషి, అమ్మ కాని మనిషి, కూర్చుని చదవాలి. ఎక్కడ ఆలోచన పక్కదారి పట్టిందో పిల్లకు చెప్పాలి. మేం ఆన్‌లైన్ స్కూలుకు ఫీజు కడుతున్నది ముఖ్యంగా దీనికోసమే.

ఇవాళ్టి పేపరే చూడండి. కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్‌ఈ (మన పదో తరగతి స్థాయి అంతర్జాతీయ పరీక్ష) కెమిస్ట్రీలో పేపర్ 6 అని ఒకటుంది, ప్రాక్టికల్‌కు బదులుగా రాసే పరీక్ష. గంటసేపు, 40 మార్కులు. ల్యాబ్‌లోకి అడుగు పెట్టకుండానే ప్రయోగం గురించి రాయాలన్న మాట. బ్యూరెట్ (ద్రవం కొలవడానికి గీతలున్న సన్నని గాజు గొట్టం) బొమ్మ ఇస్తారు, అందులో ద్రవం ఎక్కడుందో చూసి రీడింగ్ రాయాలి. పాప 24.6 అని రాసింది. టీచరు దాని చుట్టూ ఎర్రగా గీసి, పక్కన "అంకెలు ఏ వైపుకు పెరుగుతున్నాయో చూడు, 23 దగ్గర మొదలుపెట్టి మళ్లీ లెక్కపెట్టు" అని రాశారు. సరైన జవాబు మాత్రం ఇవ్వలేదు.

"అమ్మా, నేను గీతలు లెక్కపెట్టే రాశాను, ఇది తప్పెలా అవుతుంది?" అంది.

నేను ఏమీ చెప్పలేదు. పెన్సిల్ మొన 24 దగ్గర పెట్టి పైకి ఆరు గీతలు లెక్కపెట్టింది, అంకెలు పైకి పెరిగే కొలజాడీలో చదివే అలవాటు కొద్దీ. ఆగింది. బ్యూరెట్‌లో సున్నా పైన ఉంటుంది, అంకెలు కిందికి పెరుగుతాయి. పెన్సిల్‌ను 23 దగ్గరికి జరిపి కిందికి నాలుగు గీతలు లెక్కపెట్టింది, 23.4. ఎవరూ చెప్పకుండానే మొదటి రీడింగ్‌ను కూడా మళ్లీ చూసుకుంది, అదీ అలాగే తప్పింది. రెండూ దిద్దుకుని, ఎంత ద్రవం వాడారో తెలిసేలా తీసివేత మళ్లీ చేసింది. ఇంతకుముందు ఒక క్విజ్ యాప్‌లో ఇదే రకం ప్రశ్నకు ఎర్ర గుర్తు చూపించి, సరైన జవాబు కింద వేసి, తర్వాతి ప్రశ్నకు తీసుకుపోయింది. అక్కడ పాప నేర్చుకున్నది ఒక్క అంకె, అంతే.

ఇంకో చోట, కార్బొనేట్‌కు యాసిడ్ కలిపితే ఏం గమనించావు అని అడిగితే "కార్బన్ డయాక్సైడ్ వచ్చింది" అని రాసింది. అందులో తప్పేముంది అనిపిస్తుంది. కానీ కార్బన్ డయాక్సైడ్ కంటికి కనిపించదు, కనిపించేవి బుడగలు. "నీకు తెలిసింది కాదు, నువ్వు చూసింది రాయి" అని టీచరు వ్యాఖ్య. అలాగే రంగు లేని ద్రావణాన్ని "క్లియర్" అని రాస్తే ఒప్పుకోరు, "కలర్‌లెస్" అనే రాయాలి, ఎందుకంటే నీలం రంగు కాపర్ సల్ఫేట్ ద్రావణం కూడా క్లియర్‌గానే ఉంటుంది. ఈ మాట నేను చెబితే పాప నాతో అరగంట వాదిస్తుంది. టీచరు రాస్తే ఒక నిమిషం మూతి ముడుచుకుని, పేపర్ తిప్పి మళ్లీ రాస్తుంది. ఈ వయసులో అమ్మ మాటకు, బయటివాళ్ల మాటకు బరువు వేరు వేరుగా ఉండటం సహజమే, నాకు దాని గురించి బాధ లేదు.

క్లాసు మామూలుగానే జరిగింది. కెమెరాలన్నీ ఆఫ్, పేర్లు మాత్రం నల్లటి గడుల్లో. టీచరు ప్రశ్న అడిగి ఊరుకుంటారు. ఆ మౌనం ఎంతసేపైనా భరిస్తారు, తొందరపడి తనే జవాబు చెప్పేయరు, అది నాకు చాలా నచ్చుతుంది. కొంతసేపటికి చాట్‌బాక్స్‌లో ఒకటి, తర్వాత నాలుగు జవాబులు పడతాయి. మైక్ ఆన్ చేయడానికి మా పాపకు ఇంకా బెరుకే. ఇవాళ మాత్రం బ్యూరెట్ సంగతి వచ్చినప్పుడు మైక్ ఆన్ చేసి మరీ చెప్పింది. క్లాసు అయ్యాక రికార్డింగ్ ఎలాగూ వస్తుంది కానీ, రికార్డింగ్‌లో ఎవరూ నీ జవాబు కోసం ఆగరు.

మధ్యాహ్నం ఎక్కువగా పరీక్షా కేంద్రం గోలతోనే గడిచింది. బయటివాళ్లకు అంతగా తెలియని తలనొప్పి ఇది. ఆన్‌లైన్ స్కూలు పాఠం చెబుతుంది గానీ పరీక్ష పెట్టడం చాలాసార్లు దాని చేతిలో ఉండదు. ఇంట్లో చదివే పిల్లలు ప్రైవేట్ క్యాండిడేట్‌గా రాయాలి. బోర్డుకు నేరుగా దరఖాస్తు పెట్టుకోవడం కుదరదు, గుర్తింపు ఉన్న కేంద్రం ఏదో ఒకటి వీళ్లను చేర్చుకోవాలి. బయటి పిల్లల్ని అసలు తీసుకోం అనే కేంద్రాలు ఉన్నాయి, తీసుకున్నా కొన్ని సబ్జెక్టులే అనేవి ఉన్నాయి. మే, జూన్ పరీక్షలకు పేరు నమోదు కొన్ని నెలల ముందే ముగుస్తుంది కాబట్టి ఇప్పటినుంచే అడగాలి. ఇవాళ ఒక కేంద్రం నుంచి జవాబు వచ్చింది, పేపర్ 6కు అభ్యంతరం లేదట, అసలు ల్యాబ్ ప్రాక్టికల్ అయిన పేపర్ 5 మాత్రం బయటివాళ్లకు కుదరదట. మాకు కావాల్సింది 6 కాబట్టి ఊపిరి పీల్చుకున్నాను. హిస్టరీ సంగతీ ఇలాంటిదే. కోర్సువర్క్ (పరీక్ష హాల్లో కాకుండా చదువుతూ రాసి మార్కులు తెచ్చుకునే పని) దారి ప్రైవేట్ క్యాండిడేట్లకు లేదు, దాని బదులు పేపర్ 4 రాయాలి. సబ్జెక్టు ఎంచుకునేటప్పుడే సిలబస్ పుస్తకంలో ఈ ముక్క వెతికి చదవమని కొత్తగా వచ్చే తల్లిదండ్రులందరికీ చెబుతుంటాను. రెండేళ్లు చదివాక తెలిస్తే పిల్లలు అల్లాడిపోతారు.

దూరం నుంచి చదువు చెప్పడం నిన్న మొన్నటి సంగతి కాదు. ఆస్ట్రేలియాలో 1951లోనే ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి రేడియోలో పాఠాలు మొదలుపెట్టారు, వందల కిలోమీటర్ల అవతల పశువుల క్షేత్రాల్లో ఉండే పిల్లల కోసం. టీచరు గొంతు రేడియోలో వచ్చేది, రాసిన పని పోస్టులో వెళ్లి దిద్దించుకుని తిరిగొచ్చేది, పిల్ల పక్కన ఇంట్లో పెద్దవాళ్లు ఎవరో ఒకరు ఉండేవాళ్లు. అప్పట్లో పోస్టు ఎన్నాళ్లకు చేరేదో గానీ, దిద్దే మనిషి మాత్రం ఉన్నారు. ఇప్పుడు వీడియో క్షణంలో చేరుతుంది, కొన్నిచోట్ల దిద్దే మనిషే మాయమైపోయారు. డాష్‌బోర్డు మీద 87 శాతం అని పచ్చరంగు గీత, దాని వెనక పిల్ల రాసిన వాక్యం ఒక్కటైనా ఎవరూ చదివి ఉండరు. దీన్ని చదువు అని అమ్మడం నాకు ఏమాత్రం నచ్చదు. నాలుగు ఆప్షన్లలో ఒకటి నొక్కడం వేరు, ఖాళీ కాగితం మీద ఆరు లైన్లు రాయడం వేరు. పెద్ద పరీక్షలో ఎక్కువ మార్కులు ఆ రాసిన లైన్లకే.

సాయంత్రం, ఇంట్లో చదివించే తల్లిదండ్రుల మా గ్రూపులో ఒకావిడ ఫోన్ చేశారు, వాళ్ల బాబుకు పన్నెండు, ఆన్‌లైన్‌లో చేర్చాలనుకుంటున్నారు. "ఏ స్కూలు మంచిదండీ?" అని అడిగారు. నేను పేరు చెప్పలేదు, ఒక్కో పిల్లాడికి ఒక్కోటి సరిపడుతుంది. చేరకముందు ఏం అడగాలో మాత్రం చెప్పాను. రాసిన పని దిద్దేది మనిషేనా, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, దిద్దిన తర్వాత పిల్లవాడు మళ్లీ రాస్తే రెండోసారి కూడా చూస్తారా, దిద్దిన పేపరు ఒకటి నమూనాగా చూపిస్తారా. ఆఖరిది అడిగితే కొన్ని స్కూళ్లు మాట దాటేస్తాయి. అలాంటప్పుడు ఇంకోటి చూసుకోవడమే.

పిల్లాడికి స్నేహితులు ఎలాగండీ అని కూడా అడిగారు. అది స్క్రీన్ మీద తీరే విషయం కాదని ఉన్నమాటే చెప్పాను. మా పాప స్నేహాలు ఆటల దగ్గర, లైబ్రరీ దగ్గర దొరికినవే. క్లాసులో ఒకమ్మాయితో మాత్రం ఈ మధ్య చాట్‌లో కబుర్లు మొదలయ్యాయి, ఇద్దరికీ హిస్టరీ అంటే పిచ్చి.

ఆ హిస్టరీ వ్యాసం కూడా ఇవాళే తిరిగొచ్చింది, రెండో పేరాలో కారణం చెప్పావు గానీ ఆధారం ఇవ్వలేదు అని. రేపు పొద్దున్నే మళ్లీ రాస్తానంది. నేను పరీక్షా కేంద్రం వాళ్లు అడిగిన గుర్తింపు పత్రాలు స్కాన్ చేసి పంపాలి, పేపర్ 4 సంగతి కూడా అదే మెయిల్‌లో అడిగేస్తాను.