మధ్యయుగ చర్చి విమర్శ: ఈ యూనిట్‌లో మార్కులు పోయేది ఎక్కడ?

రిజల్ట్ వచ్చింది, జేఎల్ (జూనియర్ లెక్చరర్) పొలిటికల్ సైన్స్ కొట్టేశాం ఫ్రెండ్స్! సిలబస్ మీకు తెలిసిందే కాబట్టి ఒక్క యూనిట్ గురించే చెబుతాను. అక్వినాస్ కాగానే అందరూ మాకియవెల్లి మీదకు దూకేస్తారు. మధ్యలో వదిలేసిన ఆ రెండొందల ఏళ్లే మొదటి అటెంప్ట్‌ని ముంచాయి.

తప్పు ఒక్కటే. ఇటలీ కవి డాంటే, ఇటలీ రాజకీయ తాత్వికుడు మార్సీలియో, ఇంగ్లండ్ మతపండితుడు విక్లిఫ్, ఇంగ్లిష్ కవి చాసర్ అందర్నీ 'చర్చి వ్యతిరేకులు' అని ఒకే గాటన కట్టేయడం. ప్రతి పేరు పక్కనా ఈ ప్రశ్న రాసుకోండి: దెబ్బ దేని మీద? పోప్ అధికారం మీదా, డబ్బాశ మీదా, సిద్ధాంతం మీదా?

ముందు నేపథ్యం. పోప్ అనుమతి లేకుండా మతాధికారులు రాజులకు పన్ను కట్టకూడదని 1296లో పోప్ ఎనిమిదో బోనిఫేస్ ఆజ్ఞ. 1302లో ఆయనదే మరో ఆజ్ఞ 'ఉనామ్ సాంక్తమ్', అంటే రెండు ఖడ్గాల వాదం (మతాధికారం, రాజ్యాధికారం రెండూ చర్చి చేతి కిందే అనడం). 1303 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్ రాజు నాలుగో ఫిలిప్ మనుషులు ఇటలీలోని అనాగ్నీలో ఆయన్ని నిర్బంధించారు, అక్టోబర్‌లో బోనిఫేస్ చనిపోయాడు. 1309 నుంచి పోప్ మకాం ఆవిన్యోఁ (ఇప్పటి దక్షిణ ఫ్రాన్స్‌లో ఉంది). ఈ వరుస నోటికి రావాలి.

మార్సీలియో 'డిఫెన్సర్ పాసిస్' 1324. దెబ్బ పూర్తిగా అధికారం మీద. పోప్ సంపూర్ణాధికార వాదమే ఇటలీలో అశాంతికి మూలం అంటాడు. చట్టం చేసేది ప్రజలు, లేదా వారిలో 'బరువైన భాగం'. ఆప్షన్లలో 'మెజారిటీ' అని కనిపించగానే టిక్ పెట్టకండి, ఆయన లెక్కలో సంఖ్యతో పాటు గుణం కూడా ఉంది.

డాంటే దగ్గర కాసేపు ఆగాలి. ఆయన కావ్యం 'డివైన్ కామెడీ'లో నరకాన్ని చూపే భాగం ఇన్ఫెర్నో. దాని 19వ సర్గలో చర్చి పదవులు అమ్ముకున్నవాళ్లు రాతి గుంతల్లో తలకిందులుగా ఉంటారు, అరికాళ్ల మీద మంట. కొత్త పోప్ వచ్చినప్పుడల్లా పాతవాడు ఇంకా లోపలికి దిగిపోతాడు. గుంతలోని పోప్ మూడో నికోలస్ డాంటే గొంతు విని, 'అప్పుడే వచ్చేశావా బోనిఫేస్?' అని అడుగుతాడు. కావ్యంలో కాలం 1300, బోనిఫేస్ అప్పటికి బతికే ఉన్నాడు! బతికున్న పోప్‌కి నరకంలో చోటు రిజర్వ్ చేశాడన్నమాట. అదే డాంటే 'మొనార్కియా'లో చక్రవర్తి అధికారం నేరుగా దేవుడి నుంచి వచ్చిందని వాదిస్తాడు. అంటే ఒకే రచయిత డబ్బాశ, అధికారం అనే రెండు కాలమ్‌లలోకీ వస్తాడు. మ్యాచింగ్ ప్రశ్నలో దొరికిపోయేది ఇక్కడే.

చాసర్ వ్యంగ్యం డబ్బాశ మీద. 'కాంటర్‌బరీ టేల్స్'లో ఆయన పార్డనర్ (పాపక్షమాపణ పత్రాలు అమ్మేవాడు) దిండు గలీబుని మేరీమాత మేలిముసుగంటాడు, పంది ఎముకల్ని పవిత్ర అవశేషాలుగా చూపిస్తాడు, 'దురాశే సకల పాపాలకూ మూలం' అని ప్రసంగించి ఏటా వంద మార్కులు (అప్పటి డబ్బు లెక్క) గడిస్తాడు. అదే యాత్రికుల గుంపులో పేద పార్సన్ (ఊరి చర్చి పూజారి) నిష్కళంకుడు. కాబట్టి చాసర్ విశ్వాసాన్ని తిట్టాడనే ఆప్షన్ తప్పు.

పొలిటికల్ సైన్స్‌కి కావ్యాలెందుకని చాలామంది అడిగారు. నోట్స్‌లో పది పేజీలు చెప్పలేనిది డాంటే చూపిన ఆ గుంత ఒక్కటి చెబుతుంది, ఆ సమయం వృథా కానే కాదు. కానీ తేదీలు మాత్రం రోజూ చేత్తో రాయాల్సిందే, చూసి వదిలేస్తే నిలవవు.

విక్లిఫ్‌తో దెబ్బ సిద్ధాంతం దాకా వెళ్తుంది. 1384లో మరణం, 1415లో కాన్‌స్టాన్స్ చర్చి మహాసభ మతద్రోహిగా ప్రకటన, 1428లో ఎముకలు తవ్వి తీసి కాల్చడం. చెక్ సంస్కర్త యాన్ హస్ దహనం కూడా 1415లోనే, జులై 6న. ఈ రెండు 1415లనూ కలిపేయకండి.