గుమస్తా బస్తా

2023 సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం, కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల వేలం ముగిసి, రైతులు పట్టీల కోసం, అంటే అమ్మిన సరుకు లెక్క రాసిచ్చే చీటీల కోసం, మా మండీ ముందు కూర్చొని ఉన్న సమయంలో, నేను చేతిలో కలం పట్టుకొనే నిద్రపోయాను. కునుకు పట్టింది ఒక్క నిమిషమే కావచ్చు. కాని ఆ మత్తులో రాసిన పట్టీలో 64 బస్తాలను 46 అని రాశాను. బస్తాకు యాభై కిలోల లెక్కన పద్దెనిమిది బస్తాలంటే తొమ్మిది క్వింటాళ్లు. కోడుమూరు వైపు నుంచి వచ్చిన ఆ రైతు పట్టీని రెండుసార్లు చదువుకొని, తిరిగి నా బల్ల మీద పెట్టి, గొంతు పెంచకుండానే, "అప్పా, నువ్వు నిద్రలో రాసినావు. నేను ఎంచుకోకుండా పోయింటే నా గతేమి? ముందు ఆసుపత్రికి పో. మా నాయన గూడ ఇట్లనే కూర్చున్నచోట నిద్రపోతా ఉండె, ఒకరోజు మళ్లా లేవలేదు" అన్నాడు.

అంతకు ముందు నాకు ఎవరూ ఏమీ చెప్పలేదని కాదు. పందొమ్మిదేళ్లుగా కమీషన్ మండీలో లెక్కలు రాస్తున్నాను. ఆ కాలంలో నా బరువు దాదాపు యాభై కిలోలు పెరిగింది, అంటే నిండు ఉల్లిగడ్డల బస్తా ఒకటి నాకు తెలియకుండానే నా ఒంటికి ఎక్కింది. యార్డులో నాకు 'గుమస్తా బస్తా' అని పేరు కూడా పడింది. నేనూ నవ్వేవాణ్ణి, నవ్వితే మాట అక్కడితో అయిపోతుంది కాబట్టి. నా గురక భరించలేక పిల్లలిద్దరూ వసారాలోకి పడక మార్చుకున్నారు. పొద్దున లేస్తూనే తలనొప్పి, నోరు ఎండిపోవడం, రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేవడం, వీటన్నిటినీ వయసు ఖాతాలో రాసుకున్నాను, అప్పటికి నాకు నలభై నాలుగేళ్లే అయినా. అంతకు రెండేళ్ల ముందు ఒకచోట డబ్బు కట్టి, అన్నానికి బదులు ఏదో పొడి కలుపుకొని తాగి, నెలలో ఏడు కిలోలు తగ్గి, తర్వాతి నాలుగు నెలల్లో తొమ్మిది పెరిగాను. ఆ కథకు ఇంతకన్నా చోటివ్వవలసిన పని లేదు.

ఊపిరితిత్తుల వైద్యుడు మొదటి ప్రశ్న నన్ను అడగలేదు, నా భార్యను అడిగాడు. "రాత్రి గురక మధ్యలో ఆగుతుందా అమ్మా?" అన్నాడు. "ఆగుతుంది సార్. ఆగినప్పుడు ఎంచుకుంటా ఉంటాను. ఇరవై దాకా పోతే భుజం తడతాను" అన్నది ఆమె. ఇన్నేళ్లుగా ఆమె రాత్రిళ్లు మేలుకొని అంకెలు ఎంచుతున్నదన్న సంగతి నాకు ఆ గదిలోనే తెలిసింది. పగలంతా లెక్కలు రాసేవాణ్ణి నేనే అనుకుంటూ బతికాను.

మెడకు టేపు చుడితే 46 సెంటీమీటర్లు వచ్చింది. ఒక రాత్రంతా వైర్లు తగిలించి నిద్రను పరీక్షించారు. గంటకు 52 సార్లు నా శ్వాస ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతున్నదని తేలింది. గంటకు ఐదులోపు ఉంటే ఇబ్బంది లేదట, ముప్పై దాటితే తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో శ్వాస ఆగే జబ్బట. నిద్రలో గొంతు కండరాలు వదులైనప్పుడు మెడ చుట్టూ పేరుకున్న కొవ్వు వాటి మీద ఒత్తి, గాలి దారిని మూసేస్తుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గగానే మెదడు ఉలిక్కిపడి మనిషిని లేపుతుంది, కాని ఆ లేవడం మనకు గుర్తుండదు. నేను ఆ లెక్కను ఇంటికి వచ్చి వేసుకున్నాను. గంటకు 52 అంటే డెబ్బై సెకన్లకు ఒకసారి, ఏడు గంటల నిద్రలో 364 సార్లు. రాత్రికి మూడు వందల అరవై నాలుగుసార్లు తట్టిలేపిన మనిషి పగలు పట్టీ సరిగా ఎలా రాస్తాడు?

వైద్యుడు చెప్పిన మాటల్లో నాకు ఎక్కువ పనికివచ్చినది మరొకటి ఉంది. నిద్ర చాలని శరీరంలో ఆకలి పుట్టించే హార్మోన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పేది తగ్గుతుంది. బరువు వల్ల నిద్ర పాడై, పాడైన నిద్ర వల్ల ఆకలి పెరిగి, ఆ ఆకలి వల్ల మళ్లీ బరువు పెరుగుతున్నది. సాయంత్రం నాలుగు గంటలకు మిరపకాయ బజ్జీల వాసనకు నేను లొంగిపోవడం నోరు కట్టుకోలేని నా చేతకానితనమేనని అప్పటిదాకా నమ్మాను. అందులో చేతకానితనం కొంత ఉంది, కాని అంతా అదే కాదు.

తక్కిన పరీక్షలూ చేయించారు. ఎత్తు 170 సెంటీమీటర్లు, ఎత్తుతో పోల్చి బరువును కొలిచే బీఎంఐ 45. భారతీయుల విషయంలో 25 చేరితేనే ఊబకాయంగా లెక్కిస్తారు. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ 6.3, అంటే 6.5 అనే షుగరు గడపకు రెండడుగుల దూరం. కాలేయంలో కొవ్వు, రక్తపోటు 150కి 100. ఇంత బరువుకు శస్త్రచికిత్స కూడా ఒక మార్గమని, అందులో సిగ్గుపడవలసిందేమీ లేదని వైద్యుడు వివరంగా చెప్పాడు. ఆరు నెలలు గడువు అడిగాను. ఇచ్చాడు, కాని నిద్రలో గాలి ఒత్తిడితో గొంతును తెరిచి ఉంచే సీపాప్ యంత్రం మాత్రం ఆ వారంలోనే కొనాలన్నాడు. చీటీ ముందుగా పాడి ఎత్తి కొన్నాము. మొదటి రాత్రి ముక్కుకు తొడుగు పెట్టుకొని నేను పొద్దుదాకా కదలకుండా నిద్రపోయాను. నా భార్యకు మాత్రం నిద్ర పట్టలేదట. గురక వినిపించక, బతికే ఉన్నానా అని రెండుసార్లు లేచి చూసిందట.

బరువు చూసుకోవడమే మొదటి చిక్కు. ఇంట్లో ఉన్న చిన్న కాటా 120 కిలోల వరకే చూపుతుంది. నేను ఎక్కితే అంకెలకు బదులు ఏవో అక్షరాలు చూపించి ఆరిపోయేది. చివరికి యార్డులో బస్తాలు తూచే కాటాయే దిక్కైంది. ఎవరూ లేనప్పుడు ఎక్కుదామని ఒక గురువారం పొద్దు గుంకాక వెళితే, హమాలీల మేస్త్రి అక్కడే బీడీ కాల్చుకుంటూ కూర్చొని ఉన్నాడు. దాచడానికి వీలు లేక విషయం చెప్పాను. ఆయన బీడీ ఆర్పి, కాటా మీద రాలి ఉన్న ఉల్లిపొట్టును తువ్వాలుతో దులిపి, "ఎక్కు సార్. చెప్పులు ఇడిసి ఎక్కు, తరుగు నీకెందుకు?" అన్నాడు. 131 వచ్చింది. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. జేబులోంచి సుద్దముక్క తీసి, హమాలీలు తమ బస్తాల గుర్తులు వేసుకునే గోడ మీద ఒక మూలన 131 అని రాసి, కింద ఒక గీత గీశాడు. తర్వాతి గురువారం 129 వచ్చినప్పుడు కేక వేసి అందరికీ చెప్పినది కూడా ఆయనే: "సార్ ఒంట్లో దిగుమతి మొదలైందప్పో!"

వీపు మీద యాభై కిలోలు మోసేవారికి రెండు కిలోలు అంటే ఏమిటో తెలుసు. చదువుకున్నవారు చాలామంది నాకు "ఇంకా ఎంత తగ్గాలి?" అని అడిగారు. హమాలీలు "ఎంత దింపినావు?" అని అడిగేవారు. ఆ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కాని, నడక మానేద్దామా అనిపించిన రోజుల్లో నాకు గుర్తుకు వచ్చినది రెండో ప్రశ్నే.

తిండి విషయంలో నా వృత్తి కొంత ఉపకరించింది. రోజుకు ఏడు టీలు తాగేవాణ్ణి, ఒక్కొక్కదానిలో రెండు చెంచాల చక్కెర, అంటే రోజుకు డెబ్బై గ్రాములు, నెలకు రెండు కిలోల పైచిలుకు. ఈ లెక్క యార్డు గేటు దగ్గరి టీ అంగడి ఆయనకు చూపిస్తే, తను ఇన్నేళ్లు నాకు బస్తాల కొద్దీ చక్కెర పోశానా అని నిజంగా బాధపడ్డాడు. మరుసటి రోజు నుంచి నా కోసం వేరే చిన్న గిన్నెలో చక్కెర లేని టీ కాచేవాడు. నేను మరిచిపోయి అడిగినా వేసేవాడు కాదు. ఇంట్లో నలుగురికి నెలకు ఐదు లీటర్ల నూనె ఖర్చయ్యేది, తలకు రోజుకు 38 గ్రాములు. నా భార్య ఒకటో తేదీన రెండున్నర లీటర్లే సీసాలో పోసి, దానికి నా కలంతోనే నాలుగు గీతలు గీసి, వారానికి ఒక గీత అని తిరగవాత పెట్టే పొయ్యి పక్కన నిలబెట్టింది. మొదటి నెల 24వ తేదీకే సీసా ఖాళీ అయింది. మిగిలిన వారం అందరం తిరగవాత లేని పప్పు తిన్నాము. పిల్లలు గొణిగారు కాని నా మీద కాదు, సీసా మీద.

జొన్నరొట్టెల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ నూటికి తొంభైమంది ఇచ్చే సలహా అదే. అన్నం మాని జొన్నరొట్టె, రాగిసంగటి తింటే బరువు దానంతటదే కరిగిపోతుందని నేనూ నమ్మి, మూడు వారాలు పూటకు ఐదు రొట్టెలు తిన్నాను. కాటా కదలలేదు. వంద గ్రాముల జొన్నపిండిలోనూ వంద గ్రాముల బియ్యంలోనూ ఉండే శక్తి ఇంచుమించు ఒకటే, 350 కేలరీలకు అటూ ఇటూ. జొన్నలో పీచు ఎక్కువ, నెమ్మదిగా అరుగుతుంది, అది మంచిదే, కాని ఐదు రొట్టెలు ఐదు రొట్టెలే. రెండు రొట్టెలకు దిగి, కంచంలో సగం గోరుచిక్కుడో బీరకాయో, గట్టి పప్పో ఉడికించిన అలసందలో, రోజుకు రెండు గుడ్లు పెట్టుకున్నాకనే అంకె మళ్లీ కదిలింది.

నడక పక్కింటి పెద్దాయన పుణ్యం. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. తెల్లవారుజామున ఐదుంబావుకు మా గేటు గొళ్లేన్ని తాళంచెవితో మూడుసార్లు తట్టేవాడు, నాలుగోసారి తట్టేవాడు కాదు. కేసీ కెనాల్ గట్టు వెంట మా నడక. మొదటి రోజు ఎనిమిది నిమిషాలకే మోకాళ్లు పట్టేసి కల్వర్టు మీద కూలబడ్డాను. "స్టేజీ వచ్చింది, దిగినావు. తప్పేముంది?" అన్నాడు. తర్వాత నుంచి కరెంటు స్తంభాలను స్టేజీలుగా లెక్కపెట్టుకొన్నాము. ఏప్రిల్ ఎండలకు బయలుదేరడాన్ని నాలుగున్నరకు మార్చాడు. నడిచినంతసేపూ నా బరువు గురించి ఒక్క మాట ఎత్తలేదు. శ్రీశైలం ఘాటులో బ్రేకులు ఎలా పట్టాలో, అప్పటి బస్సుల్లో ఎన్ని రకాల గేర్లు ఉండేవో చెబుతూ ఉండేవాడు.

పదిహేను కిలోలు తగ్గేసరికి ఇంకో రకం మాటలు మొదలయ్యాయి. మన దగ్గర సన్నబడిన మనిషిని చూస్తే ముందుగా వచ్చే అనుమానం జబ్బు. బనగానపల్లెలో ఒక పెళ్లికి వెళితే కనీసం పదిమంది "ఏమప్పా, చిక్కిపోయినావు, షుగరొచ్చిందా?" అని పరామర్శించారు. 131 కిలోలున్నప్పుడు ఎవరూ ఆరోగ్యం అడగలేదు. మా అమ్మ అయితే నా మొహం పట్టుకొని ఏడ్చి, భక్ష్యాల మీద నెయ్యి పోసి కంచం ముందు పెట్టింది. ఒకటి తిన్నాను. రెండోది పెట్టబోతే నా కూతురు, "అవ్వా, నాన్న ఇప్పుడు గురక పెట్టడంలేదు, తెలుసా?" అన్నది. అమ్మకు ఊబకాయం, హార్మోన్లు అర్థం కాలేదు కాని గురక మాట అర్థమైంది. మా నాన్న గురక ఆమెకు ఇంకా గుర్తుంది. రెండోది తన కంచంలోకి తీసుకుంది.

113 దగ్గర అంకె ఆగిపోయింది. ఆరు వారాలు అదే. శరీరం తేలికైన కొద్దీ దాని ఖర్చు కూడా తగ్గుతుందని, మునుపటి తిండే ఇప్పుడు సరిసమానమైపోతుందని పోషకాహార నిపుణురాలు చెప్పింది, తెలుసు. తెలిసినంత మాత్రాన ఏమీ కాలేదు. మూడు గురువారాలు కాటా వైపు వెళ్లలేదు, రెండు సాయంత్రాలు ఉగ్గాని, బజ్జీలు కడుపునిండా తిన్నాను. నాలుగో గురువారం మేస్త్రి మండీలోకి వచ్చి, అరుగు కింద నిలబడి, "గోడ మీద గీత పాతబడింది సార్" అన్నాడు. ఎక్కాను, 115. ఆయన అదే రాశాడు, చెరపలేదు, పైకి రాయలేదు. తర్వాత పది కిలోల చిన్న మూటను నా ముందు పెట్టి ఎత్తమన్నాడు. నడుము వంచబోతే ఆపి, "నడుముతో గాదు, తొడలతో లెయ్యాల" అని తను చేసి చూపించాడు. ఆ రోజు నుంచి వారానికి మూడు రోజులు, వేలం మొదలయ్యే లోపు, ఆ మూటతో లేచి కూర్చోవడం చేస్తున్నాను. నడకతో పాటు కండరానికి పని పెట్టాలని నిపుణురాలు కాగితం మీద రాసిచ్చినది కూడా అదే. కాగితం చేయించలేని పని మూట చేయించింది.

2024 సెప్టెంబరుకు 104కు వచ్చాను. నిద్ర పరీక్ష మళ్లీ చేస్తే 52 కాస్తా 21 అయింది, హెచ్‌బీఏ1సీ 5.6, రక్తపోటు మాత్ర ఒకటి సగానికి తగ్గింది. యంత్రం ఇంకా మానలేదు, మానవద్దన్నారు. బీఎంఐ ఇప్పటికీ 36. శస్త్రచికిత్స మాట పూర్తిగా కొట్టివేయలేదు. మళ్లీ ఆగిపోతే ఆలోచిస్తాను.

ఆ నెలలోనే కోడుమూరు రైతు కొత్త పంటతో వచ్చాడు. నేను ఆయనను వెంటనే గుర్తుపట్టాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. వేలమయ్యాక అరుగు మీద కూర్చొని, పట్టీ రాస్తున్న నా చేతినే కాసేపు చూసి, "అప్పా, ఇక్కడ లావుగా ఒకాయన ఉండె, నిద్రపోతా ఉండె. బాగుండాడా?" అని మెల్లగా అడిగాడు. బాగున్నాడన్నాను. పట్టీ ఆయన చేతికిచ్చి, బస్తాలు ఎంచుకొమ్మన్నాను. ఆయన వేలితో ఒక్కొక్కటే చూపుకుంటూ ఎంచుకొన్నాడు. అరవై ఒకటి.